నా మాట మోసిన సిస్టరమ్మ

పాత బ్యాచ్ వాళ్ల వాట్సాప్ గ్రూపులో మొన్న పొద్దున ఒక ముక్క వచ్చింది: "మన సిస్టరమ్మ ఇక లేరు." దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరస కట్టాయి. ఆవిడ బతికున్నన్నాళ్లూ ఎలా ఉన్నారని ఒక్క ఫోను చేసిన పాపాన పోని వాళ్లమందరం పది నిమిషాల్లో తెగ బాధపడిపోయాం. నేనూ ఒక బొమ్మ పెట్టాను. పెట్టి, పొయ్యిమీద పాలు పొంగిపోతుంటే చూస్తూ నిలబడ్డాను. ఆవిడకి చెప్పాల్సిన మాట ఒకటి పన్నెండేళ్లుగా నా దగ్గర ఉండిపోయింది. ఇప్పుడిక చెప్పడానికి మనిషి లేదు.

ఆవిడ పేరు రాయను. ఒకసారి పేపర్లో పడింది, ఆ మర్యాద చాలు. మన్యంలో ఒక చిన్న ఆసుపత్రిలో వార్డు ఇన్‌ఛార్జి నర్సు. సొంతూరు పార్వతీపురం దగ్గర పల్లె. పెళ్లి చేసుకోలేదు. కొండలమీది వాళ్లు సిస్టరమ్మ అనేవారు, ప్రాక్టికల్స్‌కి వచ్చిన నర్సింగు విద్యార్థులం మేమూ అదే అనేవాళ్లం. పొట్టి మనిషి, గట్టి గొంతు. మెచ్చుకోలు అన్నది ఆవిడ నోట నేను వినలేదు. బాగా చేస్తే ఏమీ అనకుండా ముందుకి వెళ్లిపోయేవారు, అదే మాకు మెడల్.

పేషెంటు వార్డులోకి అడుగు పెట్టగానే "నోరు తెరు" అనేవారు. పలకరింపులు ఆ తర్వాత. జేబులోంచి పెన్‌టార్చి తీసి చిగుళ్లు చూసేవారు. మోచేతులు తిప్పి, కమిలిన మచ్చలేమైనా ఉన్నాయేమో చూసేవారు. ఆపైన "ఉచ్చ ఏ రంగుకొత్తంది?" అని వార్డంతా వినపడేలా అడిగేవారు. మగవాళ్లు సిగ్గుతో సగం చచ్చేవారు. రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వేసుకునేవాళ్లయితే ఇంకా ఎక్కువ తనిఖీ. ఆఖర్న జబ్బు గురించి కాకుండా తిండి గురించి అడిగేవారు. "ఏటి తిన్నావు? నిన్నేటి తిన్నావు? మొన్నేటి తిన్నావు?"

మేం ఎవరమైనా 'బ్లడ్ థిన్నర్' అన్నామా, అయిపోయామే.

"పల్చనవడానికి అదేటి గంజి అనుకున్నావా, నీలు పోసీసేవా? గడ్డకట్టడం ఆలిస్యమవుతాది. అంతే. ఆ ముక్క సెప్పు."

మాటలదేముందని అప్పట్లో విసుక్కునేదాన్ని. కొండవాళ్లకి రక్తం పల్చనవుతుందని చెబితే, బలం పోతుందని భయపడి మాత్రలు తీసుకెళ్లి చూరులో దోపేస్తారు. మందు తినకపోతే గుండెలో పెట్టిన కవాటానికి రక్తం గడ్డకట్టి పీకలమీదికొస్తుంది. ఆ సంగతి నాకు తెలియకపోవడానికి వీల్లేదు. నేనూ ఆ కొండల్లో పుట్టినదాన్నే. మా అమ్మ అలా దోపిన మాత్రలు మా ఇంటి చూరులో ఇప్పటికీ ఉంటాయి. కానీ అప్పటికి నాకు పుస్తకమే ఎక్కువ.

రక్తం గడ్డకట్టకుండా వేసే హెపారిన్ సూది నేను మొదటిసారి వేసింది ఆవిడ ఎదుటే. పొట్టమీద, బొడ్డుకి రెండు వేళ్లు ఎడంగా, చర్మం మడత పట్టుకుని వేశాను. అంతా సరిగ్గా కుదిరింది. అలవాటు కొద్దీ దూది పెట్టి రుద్దబోయాను. చేతిమీద ఒక్కటి పడింది.

"రుద్దకు! దోమ కుట్టిందేటి గోకడానికి? లోపల కమిలిపోతాది గుంటా."

భోజనాల దగ్గర కూడా వదిలేవారు కాదు. కూర గరిటె చేత పట్టుకుని ఒక్కొక్కర్నీ అడిగేవారు. హెపారిన్‌కి విరుగుడేటి? ప్రోటమిన్. వార్ఫరిన్‌కి? విటమిన్ కె. తడబడినదాని కంచంలో కూర పడేది కాదు. "తాళం ఎయ్యడం తెలిసి తియ్యడం తెలీనిదాన్ని ఇంటికి కాపలా ఎట్టకూడదు" అనేవారు. నేను ఎప్పుడూ తడబడలేదు. నాకు రోజూ కూర దొరికేది. అదొక గర్వం.

ఐఎన్ఆర్ అని ఒక రక్తపరీక్ష ఉంది. వార్ఫరిన్ అనే ఆ మాత్రల మోతాదు ఎక్కువైందా తక్కువైందా అన్నది అదే చెబుతుంది. మా ఆసుపత్రిలో ఆ పరీక్ష లేదు. ఆవిడ నీలం మూత గొట్టంలో రక్తం తీసి, ఘాట్ రోడ్డు దిగే షేర్ జీపు డ్రైవరు చేతికిచ్చి మైదానంలో ల్యాబుకి పంపేవారు. "ఐసులో ఎట్టీకు, నీ జేబులోనే ఎట్టుకో" అని ప్రతిసారీ చెప్పేవారు. సాయంత్రం సిగ్నలు కోసం ఆసుపత్రి వెనక గట్టెక్కి ఫోను చేసి ఫలితం రాసుకునేవారు. ఇవేవీ ఆవిడ ఉద్యోగంలో లేవు. చెయ్యకపోతే అడిగేవాడూ లేడు.

పరీక్షకి రమ్మంటే పేషెంట్లు రారు. కూలి పోతుంది, జీపు ఖర్చు, పైగా వాన. అందుకని ఆవిడ సంతకి పోయేవారు. "ఆసుపత్రికి రాని మనిషుంటాడు గానీ సంతకి రాని మనిషుండడు." వారం వారం మమ్మల్ని ఇద్దరు ముగ్గుర్ని వెంటేసుకుని, ఎండుచేపలు అమ్మే వరస మొదట్లో నిలబడేవారు. ఉప్పు, ఎండుచేప కొనకుండా ఎవరూ కొండెక్కరు గదా. తన పేషెంటు కనపడగానే నడిసంతలో "నోరు తెరు". ఇటుకల పండగ ముందు ఒక పెద్దాయన కొత్తగా పదును పెట్టించుకున్న గొడ్డలితో కనపడ్డాడు. మగవాళ్లంతా వేటకి పోయే పండగ అది.

"ఏటది?"

"ఏటకి, సిస్టరమ్మా."

"నీకు సిన్న దెబ్బ తగిల్తే నెత్తురు ఆగదని సెప్పేనా లేదా? ఈ ఏడు నువ్వు వంట కాడే కూకో."

"ఆడోళ్ల పనా? నవ్వుతారు."

"నవ్వనీ. సచ్చేక ఏడిసేకంటే నవ్వీదే మేలు." గొడ్డలి లాక్కుని నా చేతికిచ్చారు. పండగైపోయిన మర్నాడు వచ్చి తీసుకెళ్లమన్నారు. ఆయన వచ్చి తీసుకెళ్లాడు, నవ్వుతూనే.

ఆ సంతలోనే ఆకుకూరల పాఠం చెప్పారు. వానాకాలం, పంట చేతికి రాని నెలలు. ఇంట్లో చోళ్లు, అదే రాగులు, అడుగంటుతాయి, ఆకులే కడుపు నింపుతాయి. మునగాకు, తోటకూర, మైదానం వాళ్లకి పేరు తెలియని కొండాకులు కుప్పలుగా పోసి ఉన్నాయి. ఆకుకూరల్లో విటమిన్ కె ఎక్కువ, అది వార్ఫరిన్‌కి ఎదురు పని చేస్తుంది, కాబట్టి ఆకుకూరలు మానాలి అని నేను గడగడా అప్పజెప్పాను.

"మానీమంటే ఆల్లేటి తింటారు? నీ పుస్తకం తింటారా?" అన్నారు సిస్టరమ్మ. నా చెయ్యి పట్టుకుని ఆ కుప్పలో పెట్టారు. "ఇదుగో, రోజూ తినీదే తినమని సెప్పు. ఒక రోజు బుట్టెడు, ఒక రోజు సున్నా, అలాగొద్దు. ఆల్లు తినీ ఆకుని బట్టే మాత్ర కట్టేం. ఆకు తీసీసి మాత్ర ఉంచీసేవనుకో, మాత్ర మనిషిని తినీస్తాది."

ఇంత విడమరిచి చెప్పారు. విన్నాను, అర్థమైంది కూడా. తెలియక చేశానని చెప్పుకునే వీలు ఆవిడ నాకు ఉంచలేదు.

మూడో ఏడు ప్రాక్టికల్ పరీక్షకి మైదానం నుంచి ఎగ్జామినరు వచ్చింది. నాకు ఇచ్చిన పేషెంటుకి ముప్ఫై అయిదేళ్లుంటాయేమో, మా తెగ మనిషే, కొండకి ఆవలి ఊరు. విశాఖలో గుండె ఆపరేషన్ చేసి లోహపు కవాటం పెట్టారు. ఊపిరి బిగపట్టి కూర్చుంటే టిక్కు టిక్కుమని బయటికి వినపడేది. రాత్రి పిల్లలు గుండెమీద చెవి పెట్టుకుని పడుకుంటారని, ఆ చప్పుడు లేకపోతే వాళ్లకి నిద్ర రాదని చెప్పి నవ్వేది. మోతాదు సరిచూడడానికి వచ్చి వారం ఉంది, ఆ మధ్యాహ్నం ఇంటికి పంపేస్తున్నారు, తీసుకెళ్లడానికి మొగుడొచ్చి మంచం పక్కనే ఉన్నాడు. ఇంటికెళ్లాక తీసుకోవాల్సిన జాగ్రత్తలు ఆమెకి నేను చెప్పాలి. పది మార్కులు. సిస్టరమ్మ కాన్పు గదిలో ఉన్నారు.

మాత్ర రోజూ ఒకే వేళకి అన్నాను. ఎగ్జామినరు కాగితం మీద టిక్కు పడింది. చిగుళ్ల నుంచి రక్తం వస్తే వెంటనే రావాలి అన్నాను. టిక్కు. ఊళ్లో సూదుల డాక్టరు దగ్గర కండకి సూది వేయించుకోవద్దు అన్నాను. టిక్కు. ఆకుకూరలు రోజూ తిన్నంతే తినండి అన్నాను. పెన్సిల్ ఆగిపోయింది.

"అదేమిటమ్మా? గైడులో ఏముంది?" అంది ఎగ్జామినరు.

గైడులో ఏముందో నాకు బాగా తెలుసు. ఆమె మొహం చూశాను. మన్యం పిల్లకి ఇంతకన్నా ఏం వస్తుందిలే అన్న చూపు అది. ఆ చూపు చిన్నప్పట్నుంచీ నాకు అలవాటే, అయినా ప్రతిసారీ కాలుతుంది. పేషెంటు వైపు తిరిగి, "ఆకుకూరలు పూర్తిగా మానెయ్యాలి" అన్నాను.

పాపం ఆమె, మా కొండభాషలో అడిగింది. "మునగాకు కూడానా?"

"అన్నీ."

"మరేం తినాలి?"

"గంజి."

టిక్కు పడింది. ఎగ్జామినరుకి మా భాష రాదు. తెలుగులో పరీక్ష అప్పజెప్పేసి, మా భాషలో ఆమెకి నిజం చెప్పేస్తే సరిపోయేది. తోచలేదని అబద్ధమాడను. తోచింది. తర్వాత చెబుదాంలే అనుకున్నాను.

మధ్యాహ్నం సిస్టరమ్మ చేతులు కడుక్కుంటూ అడిగారు. "అన్నీ సెప్పేవా దానికి? ఆకుకూరల సంగతి సెప్పేవా?"

"చెప్పాను సిస్టరమ్మా. మీరు చెప్పినట్టే."

ఆ మాట అనేసరికి జీపు ఇంకా గేటు దగ్గరే ఉంది. జనం నిండితే గాని షేర్ జీపు కదలదు. ఆ మనిషి వెనక సీటులో ఒళ్లో మూట పెట్టుకుని కూర్చుని నాకు చెయ్యి ఊపింది. యాభై అడుగులు ఉంటుందేమో. ఎగ్జామినరుతో ఫోటో దిగుతున్నారని ఎవరో పిలిస్తే నేను అటు వెళ్లాను.

మూడు వారాలు ముసురు పట్టింది. ఎక్కడో కొండచరియ పడి దారి మూసుకుపోయింది. నాలుగో వారంలో ఆమెని డోలీలో మోసుకొచ్చారు. ముక్కు నుంచి రక్తం, ఒళ్లంతా నల్లటి మచ్చలు, పిలిస్తే పలకడం లేదు. సిస్టరమ్మ టార్చి వేసి చిగుళ్లు చూశారు. కనురెప్పలెత్తి చూశారు. తల ఎత్తకుండానే ఆమె మొగుణ్ణి అడిగారు, "ఏటి తింటంది?"

"గంజే సిస్టరమ్మా. ఆకు ముట్టలేదు. పిల్లలు తింటుంటే కూడా అటు తిరిగి కూకుంది." అతను నన్ను చూపించాడు. "ఈ గుంట మానీమంది కదా. సదువుకున్న గుంట, మన గుంటే కదా అని, గట్టిగా నిలబడింది."

సిస్టరమ్మ నావైపు చూశారు. ఒక్కసారే. "విటమిన్ కె తే. బేగి" అన్నారు. తెచ్చాను. డాక్టరు విశాఖ తీసుకెళ్లమన్నారు. అంబులెన్సులో సిస్టరమ్మ కూడా ఎక్కారు. ఘాట్ రోడ్డు దిగకముందే ఆమె పోయింది. తలలో రక్తం చిమ్మిందని తర్వాత చెప్పారు.

వారం రోజులు సిస్టరమ్మ నాతో మామూలుగానే పని చేయించుకున్నారు. ఆ తర్వాత ఒకరోజు డ్యూటీ గదిలోకి పిలిచి, కుర్చీ చూపించారు. విద్యార్థుల్ని ఆవిడ ఎప్పుడూ కూర్చోమనేవారు కాదు.

"నాతోటి ఏటైనా సెప్పాలా నువ్వు?"

"లేదు సిస్టరమ్మా."

"సర్లే. ఎల్లి సదువుకో" అన్నారు.

విచారణకి ఒక అధికారి వచ్చాడు. పేషెంటుకి ఆకుకూరలు మానమని చెప్పిందెవరు అని అడిగాడు. నేను ఫైళ్లు పట్టుకుని ఆ గదిలోనే, గోడ పక్కన నిలబడి ఉన్నాను. "నా వార్డులో సెప్పిన మాట నాదే. రాసుకోండి" అన్నారు సిస్టరమ్మ. అతను సంతోషంగా రాసుకున్నాడు, పని తేలిపోయింది కదా. చనిపోయినామె మొగుడు వరండాలో పొద్దున్నుంచీ కూర్చునే ఉన్నాడు. అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు. వేలిముద్ర మాత్రం వేయించుకున్నారు. నర్సు నిర్లక్ష్యానికి గిరిజన మహిళ బలి అని పేపర్లో వేశారు, పేరుతో సహా. ఆవిడని అడ్డతీగల వైపు ఎక్కడికో బదిలీ చేశారు. రిటైరయ్యేదాకా మళ్లీ వార్డు ఇన్‌ఛార్జి ఇవ్వలేదు. సంతలో చిగుళ్లు చూసే పని ఆవిడతోనే పోయింది.

నాకు డిస్టింక్షన్ వచ్చింది. ఆ పది మార్కులూ అందులో ఉన్నాయి. తర్వాత ఎమ్మెస్సీ, ఆపైన మైదానంలో ఒక నర్సింగు కాలేజీలో ట్యూటరు ఉద్యోగం. మా ఊరి నుంచి ఇంత చదివినవాళ్లలో నేనే మొదటిదాన్నని ఎక్కడికి పిలిచినా శాలువా కప్పుతారు. సిస్టరమ్మ ఫోను నంబరు నా దగ్గర ఉండేది. బస్సు కిటికీ పక్కన కూర్చుని ఎన్నిసార్లు తీసి చూసుకున్నానో. సెలవుల్లో వెళ్దాం, పండగయ్యాక వెళ్దాం, పిల్ల పరీక్షలయ్యాక వెళ్దాం అనుకుంటూ పన్నెండేళ్లు గడిపాను. సిగ్గులేని మనిషికి సాకులకేం కరువు.

ఆవిడ ఊళ్లో చర్చిలో ఆవిడని తలుచుకోవడానికి ఆదరణ కూడిక పెట్టారంటే వెళ్లాను. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, ముందు వరసలో ఆవిడ అక్క. కాలేజీ మేడమ్ వచ్చారని నన్ను మైకు దగ్గరికి పిలిచారు. ఈసారి పారిపోకూడదనుకున్నాను. ఆ పేషెంటుకి ఆకుకూరలు మానమని చెప్పింది సిస్టరమ్మ కాదు, నేను, అన్నాను. మార్కుల కోసం చెప్పాననీ, అడిగితే అబద్ధమాడాననీ, నా తప్పు ఆవిడ నెత్తిన వేసుకున్నారనీ చెప్పాను.

చప్పట్లు కొట్టారు.

పాస్టరు గారు మైకు అందుకుని, "మేడమ్ గారు ఎంత పెద్ద ఉద్యోగంలో ఉన్నా ఎంత తగ్గింపు మనసో సూసేరా. గురువు గారి మీద మాట పడనియ్యకుండా, తప్పు తనమీద ఏసుకుంటన్నారు" అన్నారు. ఇంకోసారి చప్పట్లు. ఒకావిడ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, ఈ రోజుల్లో ఇలాంటి శిష్యులు ఎక్కడున్నారమ్మా అని కళ్లు తుడుచుకుంది. నిజం చెప్పినా నాకు శాలువాయే దొరికింది.

భోజనాల దగ్గర ఆవిడ అక్క వచ్చి నా పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నారు. అదే పొట్టి మనిషి, అదే గొంతు.

"ఆ గుంటవి నువ్వేనా?"

"నేనేనండీ."

"మైకులో సెప్పేవు గానీ, నాకు ముందే తెలుసు. నాకొక్కద్దానికే సెప్పింది."

"నా మీద కోపం..."

"కోపమేటి. 'వొత్తాదే అక్కా, ఎప్పటికైనా వొచ్చి సెప్తాది' అనీది. మొదట్లో గేటు సప్పుడైతే సూసీది. తరవాత సూడ్డం మానీసింది."

ఆవిడ నా భుజం మీద చెయ్యి వేశారు.

"నువ్వు కాలేజీలో పాఠాలు సెప్తన్నావని ఎవరో ఫోనులో సెప్పేరు. ఆ రోజు శానా సంతోషపడింది. 'పోన్లే అక్కా, రాకపోతే రాకపోయింది. ఆ సచ్చిపోయిన మనిషిని కల్లారా సూసింది కదా. ఆ ఒక్క పాఠం మాత్రం గుంటలకి సరిగ్గా సెప్తాది' అంది. సెప్తన్నావు కదమ్మా?"

"చెబుతున్నానండీ" అన్నాను.

ఆరేళ్లుగా ఆ పాఠం నేనే చెబుతున్నాను. పేపర్లు దిద్దేవాళ్లు గైడు పక్కన పెట్టుకుని దిద్దుతారు. పిల్లలకి మార్కులు పోతాయని, 'ఆకుకూరలు పూర్తిగా మానవలెను' అని నేనే దగ్గరుండి రాయిస్తున్నాను.